దాలయ్య పానా

ఊఁ కొడతానంటేనే చెబుతాను. మధ్యలో కునుకు తీసేవాళ్ళకి కాదు ఈ కథ.

అనగనగా, అంటే మరీ రాజుల కాలం కాదులెండి, పది ఊళ్ళకీ కలిపి ఒక్క కారుండే కాలం. కొండమీద చింతలగూడలో దాలయ్య అని ఒక డ్రైవరుండేవాడు. కారు షావుకారుది, చెవులు మాత్రం దాలయ్యవి. బండి ఎక్కడ మూలిగినా ఇట్టే పట్టేసేవాడు. దాని గొంతు నాకు తెలుసు అనేవాడు. గొప్పలు కాదు, నిజంగానే తెలుసు.

ఒక దసరా నాడు పొద్దున్నే చక్రాలన్నీ విప్పి, కడిగి, మళ్ళీ ఎక్కిస్తున్నాడు. చివరి చక్రానికి నట్లు చేత్తో తిప్పాడు, ఇక పానా పెట్టి బిగించాలి. సరిగ్గా అప్పుడే హారతి వేళ మించిపోతోందని షావుకారు కేకేశాడు. దాలయ్య పానా డిక్కీలో పడేసి పరుగెత్తాడు. కారుకి పసుపు రాశారు, బొట్లు పెట్టారు, అరటి పిలకలు కట్టారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారో లేదో, పొరుగింటి సూరమ్మ గుండెలు బాదుకుంటూ వచ్చింది. కోడలు నూకాలుకి నొప్పులట, బిడ్డ అడ్డం తిరిగిందట. ఆసుపత్రికి కొండ దిగాల్సిందే. అత్తాకోడళ్ళని వెనక సీట్లో ఎక్కించుకుని నిమ్మకాయలు తొక్కిస్తూ కదిలాడు దాలయ్య. ఆ హడావుడిలో నట్ల సంగతి ఎవరికి గుర్తుంటుంది?

కొంత దూరం పోయాక చక్రం టిక్కుటిక్కుమంది. ఆపాడు, దిగాడు, చూశాడు. టైరు పళ్ళ మధ్య రాయి ఇరుక్కుంది. పీకి పారేసి కదిలాడు.

ఇంకొంత దూరం పోయాక గరగరమంది. ఆపాడు, దిగాడు, చూశాడు. అరటి పిలక ఒరిగి చక్రానికి రాసుకుంటోంది. తెంపి పారేసి కదిలాడు. సూరమ్మ శాపనార్థాలు మొదలెట్టింది.

ఇక ఘాటు రోడ్డు దిగుడు వస్తుందనగా టక్, టక్ అంది. ఈ గొంతు దాలయ్యకి కొత్త. ఆక్సిలరేటరు మీంచి కాలు తీశాడు, చప్పుడు ఆగలేదు. ఇంజను కాదన్నమాట. బండి నెమ్మదిస్తే టక్కూ నెమ్మదించింది. అయితే చక్రమే. ఆపాలా, వద్దా? ఉత్తపుణ్యానికి ఆపితే బిడ్డ దక్కదు. ఆపకపోతే అందరూ లోయలో ఉంటారు.

"ఈసారి ఆపావంటే ఇద్దరి ఉసురూ నీకే తగులుద్ది," అంది సూరమ్మ.

దాలయ్య అద్దంలోంచి, నొప్పులకి అరుస్తున్న కోడలి వంక చూశాడు. "తల్లీ, ఒక్క క్షణం నోరు బిగబట్టు, నన్ను విననీ. నిన్ను ఆసుపత్రి గుమ్మంలో దింపే పూచీ నాది."

నూకాలు చీర కొంగు నోట్లో కుక్కుకుంది. అత్త నోటికి తనే చెయ్యి అడ్డం పెట్టింది. నొప్పి వచ్చింది, నొప్పి పోయింది, ఆ పిల్ల కిక్కురుమనలేదు. ఆ గుండెధైర్యం తలుచుకుంటే నాకిప్పటికీ కళ్ళనీళ్ళొస్తాయి.

దాలయ్య స్టీరింగు కుడికి తిప్పాడు, చప్పుడు పెద్దదయింది. ఎడమకి తిప్పాడు, తగ్గింది. చప్పుడు వెనకనుంచే, అంటే ఎడమ వెనక చక్రం. పొద్దున చివర్న ఎక్కించింది అదే. ఆపాడు, దిగాడు, చూశాడు. నట్లన్నీ కొసకొచ్చి ఊడిపోవడానికి సిద్ధంగా ఉన్నాయి. పానా పెట్టి, దానిమీదెక్కి తొక్కి తొక్కి బిగించాడు.

"తప్పు నాదేనమ్మా. హారతి పిలుపుకి పరుగెత్తి ఇది మరిచాను. ఇక భయం లేదు, నోరారా అరుచుకో."

అరిచింది మరి! కొండ దిగేదాకా అరుస్తూనే ఉంది. ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం.

దాలయ్య తన తప్పు దాచుకోలేదు. బతికినన్నాళ్ళూ కనబడ్డ ప్రతి డ్రైవరుకీ చెప్పాడు. ఆయన పోయాక వచ్చిన దసరాకి కారు ముందు హారతి వెలిగించబోతుంటే, నూకాలు కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. పూజకి పెట్టిన పళ్ళెంలోంచి దాలయ్య పానా తీసి కొత్త డ్రైవరు చేతిలో పెట్టి, ముందు ఇది కానియ్యమంది.

అప్పట్నుంచి ఆ కొండ ఊళ్ళలో అదే పద్ధతి. దసరా నాడు మొదటి బొట్టు పానాకే. బిడ్డని కన్న తల్లి ఎవరో ఒకరు దాన్ని డ్రైవరు చేతికివ్వాలి. డప్పులు ఆగిపోతాయి, పిల్లల నోళ్ళు మూస్తారు. ప్రతి నట్టూ బిగిసి కిర్రుమనేదాకా అందరూ చెవులు రిక్కించి వింటారు. ఆ తర్వాతే కర్పూరం, ఆ తర్వాతే నిమ్మకాయలు.

అంతసేపూ ఊఁ కొట్టడానికి కూడా వీల్లేదు.