తెల్లగా మిగిలిన అంకె

మూడు రోజులుగా వల్లభానికి గురువుగారి వేళ్ల మీదే కన్ను. ఎక్కడన్నా మసి అంటిందేమోనని.

గురువు చయనులు సిద్ధాంతి. నాగావళి సముద్రంలో కలిసేచోట, ఇసక దిబ్బ మీద ఆయన ఇల్లు. తిథులూ గ్రహణాలూ లెక్కకట్టి చుట్టుపక్కల ఊళ్లకు చెప్పడం ఆ ఇంటి విద్య. తాటాకు కట్టలున్న పెట్టె తాళంచెవి ఆయన జంధ్యానికే వేలాడుతూ ఉండేది.

ఆ కట్టల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది చంద్రుడి ఆకు. వెయ్యేళ్ల కిందట, ఈ విద్యకు మొదటి గురువు, చంద్రుడి నడక కొలిచి దాని మీద ఒక అంకె రాశాడు. ఆకు శిథిలమైనప్పుడల్లా శిష్యులు కొత్త ఆకుకు ఎక్కించుకుంటూ వచ్చారు. "ఆకు మార్చవచ్చు, అంకె మార్చకూడదు." ఎనిమిదేళ్ల కిందట, చేరిన రోజున గురువుగారు వల్లభం చేత మూడుసార్లు పలికించిన మాట అది.

ఈ పున్నమికి చంద్రగ్రహణం. అది వెళ్లాక పెట్టె తాళంచెవి వల్లభానికి ఇస్తానని గురువుగారు అన్నారు. అతను ఉత్సాహంగా ఆ అంకెతోనే లెక్కకట్టాడు. చంద్రుడు నిండుగా ఉదయిస్తాడు, రెండు ఘడియలయ్యాక గ్రహణం పడుతుంది. ఘడియంటే ఇరవైనాలుగు నిమిషాలు కదా, అంటే ముప్పావుగంట పైమాటే.

గురువుగారు ఊళ్లో వేరేగా చెప్పి వచ్చారు. సముద్రంలోంచి లేచేటప్పుడే చంద్రుడు గ్రహణంతో లేస్తాడట!

వల్లభం నాలుగుసార్లు లెక్క తిరగేశాడు. తప్పు లేదు. ఆకులకు గాలి తగలాలని గురువుగారు పెట్టె తెరిచినప్పుడు మెల్లగా వంగి చూశాడు. అసలు అంకె నల్లగా, ఎప్పటిలాగే ఉంది. అంచున మాత్రం చిన్న చిన్న అంకెల వరస ఒకటుంది. అవి ఆకుల సంఖ్యలేమో అనుకుని అతను ఏనాడూ పట్టించుకోలేదు. ఆ వరస చివర ఒక అంకె తెల్లగా మెరిసింది.

తాటాకు మీద గంటంతో గీస్తే గీత తెల్లగానే ఉంటుంది. పైన మసి రుద్ది తుడిస్తేనే నలుపు గీతలో నిలుస్తుంది. అంటే ఇది ఈమధ్య గీసింది. గీసినవాడికి మసి రుద్దే తీరిక దొరకలేదు.

తాళంచెవి ఉన్నది ఒక్కరి దగ్గరే.

ఆ రోజు నుంచి వల్లభానికి గురువుగారు దగ్గినా అనుమానమే, నవ్వినా అనుమానమే. మూలగురువు కంటే నాకే ఎక్కువ తెలుసనిపించుకోవాలనా ఈ ముసలితనంలో? ఈ తాళంచెవి పుచ్చుకుంటే ఆ దొంగతనంలో నేనూ భాగస్థుణ్ణి కానూ? ఈ విద్యకు పెద్దదిక్కయిన మఠానికి గురువుగారి మీద ఫిర్యాదుగా ఉత్తరం రాసి, మడిచి, మొలలో దోపుకున్నాడు. తపాలా మనిషి వచ్చేది గ్రహణం మర్నాడు.

"ఏమిట్రా వల్లభం, అన్నంలో రాళ్లు వెతికినట్టు ఆయన్ని వెతుకుతున్నావు?" అంది గురువుగారి భార్య నరసాయమ్మ.

"ఏం లేదమ్మగారూ."

"ఏం లేనివాడు ఇన్ని మెతుకులు వదిలెయ్యడు."

గ్రహణం రోజు వచ్చింది. ఊరంతా మధ్యాహ్నానికే పొయ్యిలు ఆర్పేసింది. నరసాయమ్మ ఊరగాయ జాడీల మీద దర్భలు వేస్తోంది. వల్లభం ఇక ఉండబట్టలేకపోయాడు.

"గురువుగారూ, చంద్రుడి ఆకు మీద ఎవరో గంటం పెట్టారు."

"ఎవరో అంటావేమిటోయ్, తాళంచెవి నా దగ్గరేగా!"

"తమరే అనడానికి నోరు రాలేదు."

"ఇప్పుడొచ్చిందిగా."

సిద్ధాంతి ఒక ఇత్తడి మూత అందుకున్నారు. అరుగు మీద దాన్ని బొడిపె మీద నిలిపి గిర్రున తిప్పారు. చెంబులో వేలు ముంచి, తిరుగుతున్న మూత అంచుకు తడివేలు ఆనీ ఆనకుండా తాకించారు. మూత వేగం తగ్గింది.

"ఆపానా?"

"లేదు. తాకారు."

సిద్ధాంతి ఆ తడివేలినే సముద్రం వైపు చాపారు. పోటు మీదున్న నీళ్లు ఇసక ఎక్కుతున్నాయి.

"చంద్రుడు లాగితే అది పొంగుతుంది. పొంగినది, తిరిగే భూమిని రాసుకుంటుంది. రోజుకు రెండుసార్లు. సరే, మూతకు తగ్గిన వేగం ఎటు పోయింది?"

ఇది మాట తప్పించడమే అనుకున్నాడు వల్లభం. తను అడిగింది ఒకటి, ఆయన చూపించింది ఒకటి. గారడీవాడు కూడా ఇలాగే ఒక చేయి ఆడించి రెండో చేత్తో పని కానిస్తాడు. మొలలోని ఉత్తరాన్ని పైనుంచే తడుముకున్నాడు.

పొద్దు వాలేసరికి జనం ఒడ్డుకు చేరారు. పడవల దగ్గర ముసలి జగ్గులు ఊరుకోలేదు. "పంతులుబాబూ, సందమామ సుబ్బరంగా లెగిసిందంటే మా గెంజి మీరే కాయాల!"

"కాస్తానురా. ఉప్పు నువ్వు తెచ్చుకో," అన్నారు సిద్ధాంతి.

నీటి అంచు మీద ఎర్రటి గీత. నిండుగా రా, నిండుగా రా అని వల్లభం లోపల జపించాడు. తను కోరుకుంటున్నది ఎవరి పరువు పోవడమో అప్పుడు తట్టింది. అయినా కోరిక మానలేదు.

చంద్రుడి పై అంచు వచ్చింది. ఎక్కడా నలుసు లేదు. వల్లభం ఊపిరి వదిలాడు. "గెంజి, బాబూ!" అన్నాడు జగ్గులు. సగం వచ్చింది. ఎర్రగా, గుండ్రంగా.

కింది అంచు మాత్రం రాలేదు.

చంద్రుడు నీళ్లు విడిచి పైకి లేచాడు, అడుగున ఎవరో కొరికినట్టు. జగ్గులు నీళ్లలోకి దిగి మూడు మునకలు వేశాడు.

వల్లభం గురువుగారి పక్కకు చేరి అడిగాడు: "అయితే మొదటి గురువుగారి లెక్క తప్పా?"

"ఆయన రాసిన చోటే చంద్రుడు ఉన్నాడోయ్, ఆయన నాటికి. ఆ పగలూ రాత్రీ ఇవాళ్టివి కావు. రోజు వెంట్రుకవాసి సాగింది. మన భూమికి తగ్గిన వేగాన్ని మూటకట్టుకుని అతగాడు వెంట్రుకవాసి దూరం జరిగాడు. వెయ్యేళ్లు పోగుపడితే గ్రహణం రెండు ఘడియలు ముందుకొచ్చింది."

చంద్రుడు ఏడాదికి రెండు వేళ్ల వెడల్పున దూరమవుతున్నాడని ఇప్పటివాళ్లు కొలిచి చెబుతున్నారు. పోనుపోను పోటు తగ్గుతుంది, రోజు పెరుగుతుంది, ఎన్నో కోట్ల ఏళ్లకు సూర్యుణ్ణి పూర్తిగా కప్పే గ్రహణమే ఉండదు. సిద్ధాంతిగారి కాలానికి ఆ కొలత లేదు. ఉన్నవల్లా ఒక ఆకూ, దాని అంచూ.

మర్నాడు ఉదయం ఆయన పెట్టె తెరిచి చంద్రుడి ఆకును వల్లభం చేతిలో పెట్టారు. అతను ఈసారి అంచున ఉన్న అంకెలను ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. నల్లవి ముప్పైతొమ్మిది. నలభయ్యోది తెలుపు.

"మా గురువుగారు, ఆయన గురువుగారు, ఆయన గురువుగారు," అన్నారు సిద్ధాంతి. "అసలు అంకె ఎవరూ మార్చలేదు. చంద్రుణ్ణి చూసి తేడా పక్కన రాసుకున్నారు."

వల్లభం తల వంచుకునే అన్నాడు: "తమరు మసి రుద్దడం మరిచిపోయారు."

"మరిచిపోయానంటావా?"

వల్లభం తలెత్తాడు.

"మా గురువుగారి అంకె కూడా నా కంటికి తెల్లగానే పడింది. పది రోజులు ఆయనతో మాట్లాడలేదు."

"పదకొండు," అంది లోపల్నుంచి నరసాయమ్మ.

సిద్ధాంతి ఆముదం గిన్నె ముందుకు జరిపారు. "కాస్త మసి కావాలోయ్. నీ దగ్గర కాగితం ఏమైనా ఉందా?"

వల్లభం చెయ్యి మొలకు పోయి, అక్కడే ఆగింది. బయట తపాలా మనిషి గజ్జెల కర్ర చప్పుడు దగ్గరైంది, గుమ్మం దాటింది, దూరమైంది. అతను ఉత్తరం తీసి, మడత విప్పకుండా దేవుడి దీపానికి అంటించాడు. కాలిన నలుపును ఆముదంలో నూరి, ఆకు మీద రుద్ది, గుడ్డతో తుడిచాడు. నలభై అంకెలూ ఒక్క రంగులోకి వచ్చాయి.

సిద్ధాంతి జంధ్యం నుంచి తాళంచెవి విప్పారు.

"ఆ చివర చోటుందా?"

"ఒక్క అంకెకు ఉంది, గురువుగారూ."

"రాసేనాడు," అన్నారు ఆయన, తాళంచెవి అతని అరచేతిలో పెడుతూ, "మసి రుద్దకు."