చెంబులో అమ్మ

అనకాపల్లిలో పటాలకు అద్దాలు బిగించే సన్యాసిరావు చేతిపనిలో దిట్టే గాని, ఏ పటాన్నీ రెండోసారి చూసే ఓపిక లేనివాడు. దేవుడి పటమైనా, పెళ్లి ఫోటో అయినా ఆయన కంటికి పొడవూ వెడల్పే కనిపించేవి.

ఒకరోజు బట్టలు కుట్టే వరహాలమ్మ ఒక కాగితం తెచ్చి ఇచ్చింది. అది తాను పెన్సిలుతో గీసిన ఇత్తడి మరచెంబు బొమ్మ. జాగ్రత్తగా బిగించమని రెండుసార్లు చెప్పి వెళ్లింది. చెంబుకు ఇంత ముచ్చటా అని సన్యాసిరావు నవ్వుకున్నాడు. అద్దం పెట్టబోతుంటే చెంబు పొట్ట మీద బొటనవేలి గోరంత మరక కనిపించింది. పాపం, చెయ్యి తగిలి అలుక్కుపోయింది కాబోలనుకుని రబ్బరుతో శుభ్రంగా తుడిచేశాడు. మంచిపని చేశానని మురిసిపోయాడు కూడా.

సాయంత్రం వరహాలమ్మ వచ్చి పటం చేతిలోకి తీసుకుంది. అద్దం మీద వేలు ఆనించి చెంబు పొట్టంతా వెతికింది.

"చెంబులో మాయమ్మ ఏదండీ?" అంది చివరికి.

సన్యాసిరావుకు అర్థం కాలేదు. ఆమె మెల్లగా చెప్పుకొచ్చింది. ఫోటో తీస్తే ఆయుష్షు తరిగిపోతుందని ఆమె తల్లి ఒక్క ఫోటోకూ ఒప్పుకోలేదట. బొమ్మ గీస్తానన్నా వద్దందట. కావాలంటే చెంబును గీసుకోమని, చింతపండుతో తళతళలాడేలా తోమి కూతురి ముందు పెట్టి, తాను గుమ్మంలో కూర్చుందట. ఆ మెరుపులో గుమ్మం కనిపించింది, గుమ్మంలో అమ్మ కనిపించింది. కూతురు చెప్పకుండా గీసేసింది. నిరుడు తల్లి కాలం చేసింది. ఆమె రూపం మిగిలింది ఆ గోరంత చోటులోనే.

తాను తుడిచేసిన మరక అదేనని సన్యాసిరావుకు తెలిసొచ్చింది. అద్దం విప్పి, కాగితాన్ని వాలుతున్న ఎండకు ఏటవాలుగా పట్టుకున్నాడు. జీవితంలో మొదటిసారి ఒక బొమ్మను నిదానంగా చూశాడు. మూత మరల సన్నని గీతలు, అంచున చిన్న సొట్ట, చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేరు. చూస్తూ ఉంటే ఇత్తడి చల్లదనం వేళ్లకు తగిలినట్టయింది. వీధిలో బళ్ల రొద ఎక్కడో దూరానికి వెళ్లిపోయింది. తుడిచిన చోట పెన్సిలు నొక్కుల జాడ ఇంకా ఉంది. వాలిన భుజం, ముడిచిన కొప్పు.

"ఇక్కడే కూర్చుని ఉన్నారమ్మా," అన్నాడు ఆ జాడను ఆమెకు చూపిస్తూ.

వరహాలమ్మ ఆ జాడ వెంటే పెన్సిలు నడిపింది. భుజం వచ్చింది, కొప్పు వచ్చింది. ముఖం మాత్రం మళ్లీ రాలేదు. సన్యాసిరావు కళ్లు తుడుచుకుని అద్దం బిగించాడు. ఆనాటి నుంచి ఏ పటం వచ్చినా, ముందు కాసేపు దాని ఎదుట కూర్చున్నాకే కొలతబద్ద తీసేవాడు.

నీతి: నిదానంగా గీసినదాన్ని నిదానంగానే చూడాలి. మన కంటికి ఆనలేదని దేన్నీ మరక అనుకోకూడదు.