తాళం వేసిన ఇళ్ళు

"తాళం వేసిన ఇంటికి లెక్కలో చోటెందుకు సార్?" అని మురహరి అడిగాడు.

ఆ ప్రశ్నలో పొగరు లేదు, తొందర ఉంది. అర్థశాస్త్రంలో పరిశోధన చేస్తున్న మురహరి నివేదిక ఆ సాయంత్రానికి ప్రభుత్వానికి చేరాలి. పారిశ్రామికవాడ పక్క కాలనీల్లో రెండేసి అంగన్‌వాడీలను కలిపి ఒక్కటి చేశారు. దానివల్ల పిల్లల బరువులో గానీ ఆరోగ్యంలో గానీ తేడా రాలేదని అతని సర్వే తేల్చింది. ఆ ఒక్క మాట చేతికందితే జిల్లా అంతటా కేంద్రాలు కలిపేయడానికి అధికారులు సిద్ధంగా ఉన్నారు. ఇక కావలసింది గురువు సంతకం. ఆచార్య భీమలింగప్ప మాత్రం సర్వే వదిలేసిన ఇళ్ళ దగ్గరే ఆగిపోయారు.

"ఐదిళ్ళకు ఒకటి వదిలారు" అన్నారాయన.

"మళ్ళీ మళ్ళీ వెళ్ళాం సార్. తాళం కనిపిస్తున్నా తలుపు తట్టి పిలిచాం. పలక్కపోతే పక్కింటికి వెళ్ళడం పద్ధతి. అందరూ చేసేదే."

భీమలింగప్ప వాదించే మనిషి కాదు. వాదన మొదలైనచోట లేచి చెప్పులు తొడుక్కోవడం ఆయన అలవాటు. మురహరికి ఆ అలవాటు తెలుసు. లోపల విసుక్కుంటూనే మోటారుసైకిలు తీశాడు.

మిట్టమధ్యాహ్నం కాలనీలో మనుషులు పలచగా ఉన్నారు. రేకుల ఇళ్ళు ఎండకు కాలిపోతున్నాయి. మురహరి తను వదిలేసిన ఇళ్ళలో ఒకదాని ముందు బండి ఆపి, తలుపుకున్న తాళం చూపించాడు. తలుపు తట్టి పిలిచాడు. జవాబు లేదు.

"చూశారుగా సార్. ఎవరూ లేరు."

భీమలింగప్ప గడప పక్క అరుగు మీద కూర్చున్నారు. చేసేది లేక మురహరి పక్కనే నిలబడ్డాడు. కొంతసేపటికి లోపల ఏదో ఈడుస్తున్న చప్పుడైంది. తర్వాత దభీమని ఏదో పడింది. నీళ్ళు ఒలికిన శబ్దం. ఆ పైన ఏమీ లేదు.

మురహరి తలుపుకు చెవి ఆనించాడు. "లోపల ఎవరు?" అన్నాడు. మళ్ళీ గట్టిగా అరిచాడు. నిశ్శబ్దం. తలుపు కింది సందులోంచి నీళ్ళు బయటికి పాకి వచ్చాయి. వాటిలో సన్నగా ఎర్రటి చార ఉంది.

అతను తాళం పట్టుకుని గుంజాడు.

"ఓయ్, ఎవుర్రా బీగం పీకేది?" ఎదురింటి హనుమక్క కేక వేసింది. ఆ కేకకు సందు చివరి నుంచి మగవాళ్ళు పరుగెత్తుకొచ్చారు.

"పిల్లోల్లను ఎత్తకపోయేటోల్లు తిరుగుతాండారంటే నమ్మితిరా మీరు? ఇదో, పట్టపగలే!" అని ఆమె వాళ్ళకు మురహరిని చూపించింది.

ఒకడు మురహరి కాలరు పట్టుకున్నాడు. ఇంకొకడు మోటారుసైకిలు తాళంచెవి లాక్కున్నాడు. మురహరి తలుపు వైపు చెయ్యి చూపించాడు. "లోపల పాపో బాబో పడ్డారు. రక్తం వస్తోంది" అన్నాడు.

"పిల్ల ఉంటాది. ఉండబట్టే గదా బీగమేసింది" అంది హనుమక్క. "పగలు ఈ సందులో బీగం పడిన ఏ ఇంట్లో జూసినా పిల్లోల్లే. నీకొక్కనికే తెల్లేదు."

ఆమె చూపు అప్పుడు నీళ్ళమీద పడింది. తలుపు దగ్గరికి పరుగెత్తింది.

"వాళ్ళమ్మను పిలిపించండి" అన్నారు భీమలింగప్ప, కూర్చున్నచోటు నుంచి కదలకుండా. "మేం అంగన్‌వాడీల సర్వే వాళ్ళం. తర్వాత మమ్మల్ని ఏం చేసుకున్నా సరే."

బట్టల ఫ్యాక్టరీ నుంచి తల్లి గంగరత్న వచ్చేదాకా కాలరు మీది చెయ్యి వదల్లేదు. ఆమె జాకెట్టుకు దారం పోగులు అంటుకుని ఉన్నాయి. తాళంచెవి తాళంలో దూరక జారి కిందపడింది. హనుమక్క అందుకుని తెరిచింది.

తిరగబడిన బకెట్టు పక్కన ఐదేళ్ళ పిల్ల కూర్చుని ఉంది. కిటికీలోంచి చూద్దామని ఎక్కినట్టుంది. కనుబొమ్మ చిట్లి రక్తం చెంప మీదికి కారుతోంది. రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుని ఉంది.

"సుంకీ! ఏడ్సనన్నా ఏడ్సకపోతివే!" తల్లి పిల్లను వాటేసుకుంది.

"గొంతు లేపొద్దని నువ్వే చెప్పింటివి గదమ్మా."

వీళ్ళు సర్వే వాళ్ళని హనుమక్క చెప్పగానే గంగరత్న మురహరి వైపు తిరిగింది. "రెండూ కలిపినాక అంగన్‌వాడీ సెంటరు హైవే అవతలికి పాయె సార్. పొద్దున నేను ఇడ్సిపెట్టి వస్తా, సరే. మద్యాన్నం పిల్చకరావాల గదా! షిఫ్టు మద్యలో నన్నెవురు వదుల్తారు?"

సుంకి అమ్మ భుజం మీదినుంచి అతన్ని పరికించి చూసింది. ముఖంలో గర్వం కనిపించింది.

"ఈయన్న గొంతే మా. ముందుగూడా వచ్చి తట్టినాడు. నేనేం సప్పుడు చెయ్యలే."

మురహరి తల వంచుకున్నాడు. కాలరు మీది చెయ్యి ఎప్పుడు తొలగిందో అతనికి తెలియలేదు. హనుమక్క పిల్ల గాయాన్ని కొంగుతో అదిమి పట్టింది. అందరూ కలిసి తల్లీబిడ్డలను ఆటో ఎక్కించారు. సందులో గురుశిష్యులిద్దరే మిగిలారు.

మురహరి జేబులో ఫోను మోగింది. నివేదిక అడగడానికి రాజధాని నుంచి అధికారి చేస్తున్నాడు. మురహరి తెరవైపు చూశాడు, గురువు వైపు చూశాడు.

"ఏం చెప్పమంటారు సార్?"

"ఎత్తకు" అన్నారు భీమలింగప్ప. "కాసేపు మోగి ఆగిపోతుంది. మనం లేమనుకుంటారు."