వేగం కొలిచిన ఫోను

అడిగిన వెంటనే జవాబు చెప్పడం విశ్వపతి శాస్త్రిగారి అలవాటు కాదు. కాకినాడలో వారింట ఉండి వేదాంతం చదువుకునేవారందరికీ ఆ సంగతి తెలుసు. ఎవరైనా ప్రశ్నతో వస్తే ఆయన ముందు వాళ్ల చేతికి ఓ పని అప్పగిస్తారు. ఆ రోజు ఫణిశర్మ చేతికి చిక్కుడుకాయలు వచ్చాయి.

"గురువుగారూ, ధ్యానానికి కూర్చుంటే మనసు నిలవడం లేదండి," అన్నాడు ఫణిశర్మ ఈనె లాగుతూ. "పక్క గదిలో జోగారావు కూనిరాగాలు తీస్తాడు. వంటింట్లో అమ్మగారు వాళ్ల చెల్లెలుగారితో ఫోన్లో మాట్లాడుతూనే ఉంటారు. ముక్తేశ్వరి పైకి చదువుతుంది. వీళ్లలో నా మనసు చెడగొడుతున్నది ఎవరో తేలితే, వాళ్లకి దూరంగా ఓ గది చూసుకుంటాను."

"ఈనె రెండువైపులా తీయాలి," అన్నారు శాస్త్రిగారు. మళ్లీ ఒళ్లోని ట్యాబు వైపు తిరిగారు.

ఫణిశర్మకి ఒళ్లు మండింది. శిష్యులందరిలోకీ శ్రద్ధగలవాణ్ణి తానేనని అతని నమ్మకం. రోజూ పాఠం మొదలవగానే ఫోను ఎదురుగా నిలబెట్టి, ఒక్క మాట కూడా పోకుండా వీడియో తీసుకుంటాడు మరి. తీసినదాన్ని మళ్లీ విన్న పాపాన మాత్రం పోలేదు. ఉన్నాయిగా, ఎప్పుడైనా వినొచ్చుననుకుంటాడు. ఒకవేళ ఫోను పాడైతే పాఠాలన్నీ పోతాయేమోనని భయం పట్టుకుని, వాటన్నిటినీ ఇంటర్నెట్‌లో దాచిపెట్టమని ఆ పొద్దున్నే ఫోనుకి పురమాయించి ఆ మాటే మరిచిపోయాడు. ఇంట్లో అందరూ వాడుకునే వైఫై పెట్టించింది కూడా అతనే. ఆ విషయంలో అతను చెప్పిందే వేదం.

కాయలు సగం కూడా కాకముందే ముక్తేశ్వరి పరుగున వచ్చింది.

"అన్నయ్యా, నెట్ ఆగిపోతోంది! వాళ్ల మొహాలు బిగుసుకుపోతున్నాయి. నా మాట ముక్కలు ముక్కలుగా వినబడుతోందట."

శాస్త్రిగారి దగ్గరే చదువుకుంటున్న ఆమె ఓ కాలేజీలో ఏళ్ల తరబడి తాత్కాలికంగా సంస్కృతం చెబుతోంది. ఆ రోజు జరుగుతున్నది పర్మనెంటు ఉద్యోగానికి వీడియోలో ఇంటర్వ్యూ. మరో అవకాశానికి ఆమె వయసు దాటిపోతుంది. మిగతావాళ్లని చూసేలోగా లైను బాగు చేసుకుంటే సరే, లేకపోతే తామేమీ చేయలేమని వాళ్లు చెప్పేశారట. ఆ ఇంటి మందపాటి గోడలు దాటి ఫోను సిగ్నలు లోపలికి రాదు. పోనీ వీధిలోకి వెళ్దామంటే అక్కడ పెళ్లివారి మైకు హోరెత్తిపోతోంది.

"నువ్వు కంగారుపడకు, నేను చూస్తాగా," అంటూ ఫణిశర్మ లేచాడు.

రౌటర్ ఆపి మళ్లీ వేశాడు. దీపాలన్నీ బుద్ధిగా వెలిగాయి. తన ఫోను తీసి నెట్ వేగం ఎంతుందో చూశాడు. ముల్లు కదిలితే ఒట్టు. తిన్నగా తోటి శిష్యుడు జోగారావు గదికి వెళ్లాడు.

"ఆ సినిమా కట్టెయ్."

"సినిమా ఎక్కడుంది? పాట వింటున్నాను."

"ఏదైతేనేం, కట్టెయ్. అవతల ఆ అమ్మాయి బతుకు పోతోంది."

జోగారావు మొహం మాడ్చుకుని కట్టేశాడు. ఫణిశర్మ ఫోను చూసుకున్నాడు. వేగం పెరగలేదు. వంటింటి గుమ్మంలో నిలబడి, "అమ్మగారూ, ఆ వీడియో ఆపెయ్యండి," అన్నాడు. గొంతులో మర్యాద కొంచెం తగ్గింది.

"చెల్లెలికి ఒంట్లో బాగాలేదురా నాయనా. మందు వేసుకుందో లేదో కనుక్కుని..."

"తర్వాత కనుక్కోవచ్చు!"

ఆవిడ ఆపేశారు. ఫోను చూశాడు. అలాగే ఉంది. చివరికి గురువుగారి ఒళ్లోని ట్యాబు మీద అతని కళ్లు పడ్డాయి. అడగడానికి నోరు రాక ఊరికే చెయ్యి చాపాడు. పంచాంగం చూసుకుంటున్న శాస్త్రిగారు దాన్ని తామే ఆపి అతని చేతిలో పెట్టారు. అయినా లాభం లేకపోయింది.

"ఆఖరి మనిషిని పిలిచేశారన్నయ్యా," అంది ముక్తేశ్వరి. పైట కొంగు వేళ్లకి చుట్టుకుంటూ, విప్పుతూ గుమ్మంలోనే నిలబడిపోయింది.

ఏమీ పాలుపోని ఫణిశర్మకి కోపం ముంచుకొచ్చింది. "ఇంట్లో అందరివీ ఆపించాను. నీ లాప్‌టాపే తగలడి ఉంటుంది. ఇంటర్వ్యూ ఉందని తెలిసినప్పుడు ముందే చూసుకోవద్దూ?"

ఆమె కళ్లు నిండిపోయాయి. అది చూసి జోగారావు ఆగలేకపోయాడు. "అందరిమీదా ఎగురుతున్నావు, అదేదో నేనూ చూస్తాను, ఇలా తే," అని అతని చేతిలోంచి ఫోను లాక్కున్నాడు. లాక్కున్నవాడు ఉలిక్కిపడి దాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"ఇదేమిట్రా, పెనంలా కాలిపోతోంది?"

తెర పైనుంచి వేలితో కిందికి లాగాడు. పాఠాల వీడియోలన్నీ ఇంటర్నెట్‌లోకి వెళ్తున్నాయి. పొద్దుటినుంచీ ఆగకుండా, ఒకదాని వెనక ఒకటి, ఇంటికొచ్చే నెట్టంతా మింగేస్తూ వెళ్తున్నాయి.

ఫణిశర్మ జోగారావు చేతిలోంచి ఫోను అందుకుని వాటిని ఆపాడు. ముక్తేశ్వరి గదిలోకి పరుగెత్తింది. మరుక్షణం లోపలినుంచి ఎవరిదో గొంతు స్పష్టంగా వినిపించింది. "ఆఁ, ఇప్పుడు వినబడుతోందమ్మా. టైము లేదు, త్వరగా చెప్పండి." తలుపు మూసుకుంది.

వసారాలో అమ్మగారు ఫోను చేతిలో పట్టుకునే ఉన్నారు గాని చెల్లెలికి చేయలేదు. ఫణిశర్మకి తల ఎత్తడానికి సిగ్గేసింది.

ఎంతోసేపు కాకుండానే తలుపు తెరుచుకుంది. "ఒక్క ప్రశ్నే అడిగారు," అంది ముక్తేశ్వరి. "చెప్పాను. బాగానే చెప్పాననుకుంటాను. మిగతావాళ్లని చాలాసేపు అడిగారట. ఏ సంగతీ కబురు చేస్తామన్నారు." అని, ఫణిశర్మ వైపు చూడకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది. ఒక్క మాట అన్నా బాగుండేదనిపించింది అతనికి.

అతను వచ్చి చిక్కుడుకాయల ముందు కూలబడ్డాడు. శాస్త్రిగారు అతనివైపు తిరిగారు.

"ఇందాక నెట్ వేగం దేంతో కొలిచావు నాయనా?"

"నా ఫోనుతోనేనండి," అన్నాడు తల దించుకుని.

ఆయన ఓ కాయ తీసుకుని ఈనె లాగారు.

"మరి ధ్యానంలో మనసు నిలవడం లేదన్నావే, అది దేంతో కొలిచావు?"