పొగకు రాలని పిడుదులు

అనగనగా కొండకూ ఏటికీ నడుమ పచ్చగా పరుచుకున్న ఒక అడవి. మెట్టసీమలో మేత మాడిపోయిన ఏడు, పుల్లావు తన దూడ మల్లెను వెంటబెట్టుకుని ఆ అడవికి వచ్చింది. మోకాలెత్తు పచ్చిక చూసి, "చల్లగా చూశావు స్వామీ!" అని మనసులోనే దండం పెట్టుకుంది.

వారం తిరక్కముందే మల్లె చెవుల నిండా పిడుదులు పట్టాయి. నెత్తురు తాగి ఆముదపు గింజల్లా ఉబ్బాయి. మల్లె పాలు తాగడం మానేసింది.

మడుగులో పడుకున్న బర్రె పెద్దమ్మ అది చూసింది.

"పుల్లమ్మా, పిల్లను ఇలా తే. బురదలో పొర్లిద్దాం."

"బురదలోనా! మా ఇంటా వంటా లేదు పెద్దమ్మా. మా మెట్టసీమలో వేపాకు పొగ తగిలితే చాలు, జలజలా రాలేవి. ఎక్కడి పిడుదైనా పిడుదే కదా!"

ఆ అడవిలో మందలు మేపే కాపరులు రాజేసిన వేపాకు పొగలో పుల్లావు మల్లెను నిలబెట్టింది. ఒక్కటీ రాలలేదు. మర్నాడు మళ్లీ నిలబెట్టింది. మల్లె దగ్గింది గానీ పిడుదులు కదల్లేదు. మూడోసారికి మల్లె కాళ్లు మడిచి కూలబడింది. తల్లి నాకినా కళ్లు తెరవలేదు.

మల్లె చెవిలోంచి ఒక ముసలి పిడుదు కిసుక్కున నవ్వింది.

"ఓ మెట్టమ్మా! మమ్మల్ని మీ ఊరి వాళ్లనుకున్నావా? ఈ కొండ గడ్డి ఏటా తగలబడుతుంది. పొగకు తాళలేని మావాళ్లు ఏనాడో పోయారు. తాళినవాళ్ల పిల్లలం, మనవలం, మునిమనవలం మేము. పైకి అందరం ఒకటే. లోపల మాత్రం ఏ సీమ పిడుదు ఆ సీమదే!"

పుల్లావు కోపం కూడా మరిచిపోయి నిలబడిపోయింది. పిడుదు పుట్టినప్పుడు ఆవగింజంత కూడా ఉండదే! అంత చిన్న ఒంట్లో ఇన్ని తరాల మంటలు దాటిన గుర్తుందా? "ఎంత దాచావు స్వామీ, ఎంత చిన్నదాంట్లో!" అనుకుంది. ఒళ్లంతా పులకరించింది.

మరుక్షణం మడుగు దగ్గరకు పరుగెత్తింది.

"పెద్దమ్మా, ఈ నేల సంగతి నీకే తెలుసు. నా బిడ్డను బతికించు!"

"ఇప్పుడు పనికొచ్చిందా మా బురద?" అని దెప్పుతూనే, బర్రె పెద్దమ్మ జరిగి చోటిచ్చింది.

ఇద్దరూ మల్లెను మెల్లగా నెట్టి బురదలో పొర్లించారు. ఎండకు బురద పెచ్చులు కట్టింది. పెచ్చులతో పాటే పిడుదులూ ఊడిపడ్డాయి. మిగిలినవాటిని గోరింకలు ఏరుకు తిన్నాయి. రోజూ ఇదే పని. ఒకనాటి పొద్దున మల్లె లేచి తల్లి పొదుగును ఒక్క కుమ్ము కుమ్మింది.

వానలు పడ్డాక ఇంటిదారి పట్టారు.

"అమ్మా, ఇక మన ఊళ్లోనూ బురదేనా?" అంది మల్లె.

"ఏమో తల్లీ! ముందు అక్కడి పిడుదులు ఎలాంటివో చూద్దాం" అంది పుల్లావు.

నీతి: పైకి ఒకేలా కనిపించేవన్నీ లోపల ఒకటి కావు, కొత్త నేలకు వెళ్లినప్పుడు ఆ నేల ఎరిగినవారిని అడిగి నడుచుకోవాలి.