తాటిచెట్టు మీది ఆకులు

జంతువులకు మాటలు వచ్చిన కాలంలో, ఒక అడవిలో సింహరాజు పెద్ద రాట్నం పెట్టించాడు. ఏనుగు తొండంతో తిప్పితే ఎనిమిది తొట్లు తాటిచెట్టంత ఎత్తుకు లేచేవి. "పెద్దా చిన్నా తేడా లేదు, అందరూ ఎక్కండి" అన్నాడు రాజు.

రాట్నం చూసుకునే పని కొండముచ్చుది. అది ఒక నియమం పెట్టింది. రోజూ తెల్లవారగానే తాటిచెట్టు కొసన మోదుగాకులు కడుతుంది. ఆకు తెచ్చినవాళ్ళకే తొట్టి. ఎవరు ముందు తెంపుకుంటే వాళ్ళకి.

ఆ అడవిలో ఒక ముసలి తాబేలు ఉండేది. తాను పుట్టిన మడుగు ఎటుందో దానికి గుర్తు లేదు. మడుగు ఒడ్డున మూడు తెల్లరాళ్ళు ఉండేవన్నది ఒక్కటే మిగిలింది. రాట్నం పైనుంచి చూస్తే అవి కనబడతాయి. ఆ రాళ్ళను కూడా మరిచిపోకముందే చూడాలి.

మొదటి రోజు తాబేలు అందరికంటే ముందు వచ్చి నిలబడింది.

"ఆకేదవ్వా?" అంది కొండముచ్చు.

"ముందు వచ్చింది నేనే కదయ్యా!"

"ముందు రావలసింది ఇక్కడికి కాదు, చెట్టు పైకి."

కోతులు పకపకా నవ్వాయి. "నీ నడకకి రాట్నమెందుకవ్వా? ఈ చెట్టు చుట్టూ ఒక్కసారి తిరిగిరా, పొద్దు గడిచిపోతుంది!"

రెండో రోజుకి తాబేలు ముందటి సాయంత్రమే బయలుదేరి చెట్టు మొదట్లో కూర్చుంది. తెల్లవారేసరికి కోతులు దాని వీపు మీద కాలు పెట్టి మరీ ఎక్కాయి. తమకే కాదు, ఇంట్లో పడుకున్న మేనమామలకు కూడా గుప్పెళ్ళతో తెంపుకున్నాయి. ఆ మేనమామలు నిద్రే లేవలేదు. నాలుగు తొట్లు ఖాళీగా తిరిగాయి. కింద తాబేలూ, ముళ్ళపందీ, కుంటిజింకా ఎండలో నిలబడి చూశాయి.

"అయ్యా, ఆ తొట్టిలో ఎవరూ లేరు. నన్ను కూర్చోనివ్వరాదా?"

"ఆ తొట్టికి ఆకుందవ్వా. నీకు లేదు."

తాబేలుకి ఒళ్ళు మండిపోయింది. మూడో రోజు సింహరాజు రాగానే ఎదురు వెళ్ళి అంతా చెప్పింది.

కొండముచ్చు చేతులు కట్టుకుంది. "మహారాజా, అందరికీ ఒకటే నియమం. నేనెవరినీ ఆపలేదు."

"నియమం అలాగే ఉండనివ్వండి ప్రభూ" అంది తాబేలు. "రేపటి నుంచి ఆకులు మాత్రం ఏటి అడుగున రాయి కింద పెట్టించండి. ఎవరు ముందు తెచ్చుకుంటే వాళ్ళకి."

కోతులు గగ్గోలు పెట్టాయి. "అన్యాయం! మునిగి చస్తాం!"

"అదేమిటి నాయనా? అందరికీ ఒకటే నియమం. నేనెవరినీ ఆపడం లేదే!"

"నిన్నటిదాకా అన్యాయమన్న మాట మీ నోట రాలేదేం?" అని రాజు గర్జించాడు. "ఇక ఆకులు రాట్నం వాకిట్లోనే ఇవ్వాలి. వచ్చిన వరుసలో తలకొకటి. పిలిచినప్పుడు లేనివాళ్ళ తొట్టి వెనకవాళ్ళది. కొండముచ్చూ, ఎక్కలేనివాళ్ళను ఎత్తి కూర్చోబెట్టడం నీ పని!"

కొండముచ్చు తల వంచుకుని, ముందుగా తాబేలును ఎత్తి తొట్టిలో కూర్చోబెట్టింది. రాట్నం లేచింది. తూర్పు దిక్కున, రెండు గుట్టల నడుమ, మూడు తెల్లరాళ్ళు ఎండకు మెరిశాయి.

"ఇంకో చుట్టు తిప్పనా అవ్వా?" అంది ఏనుగు.

"వద్దు నాయనా, దించెయ్! మరిచిపోతాను."

దిగగానే ఎవరివైపూ తిరగకుండా, తూర్పుకే ముఖం పెట్టి నడక మొదలుపెట్టింది.

పిల్లలూ, కొందరికే అందే చోట పెట్టి అందరిదీ అనడం న్యాయం కాదు; అందనివారికి అందేలా చేసినప్పుడే అది న్యాయం.