ముత్యాలు అరచేతిలో దయ్యం

అనగనగనగా, మన బస్సులు కూడా వెళ్ళనంత దూరాన ఒక ఊరుండేది. గేదెలెక్కువ, మనుషులు తక్కువ. పాలగూడెం అనుకోండి. ఊ కొట్టండి మరి, లేకపోతే మీకంటే ముందు నేనే నిద్రపోతాను.

ఆ ఊళ్ళో అచ్చియ్యమ్మని ఒకావిడ. ఒక్కగానొక్క కొడుకు గంగరాజు. మార్గశిరంలో వాడికి పెళ్ళిచేసి, ముత్యాలనే పిల్లని కోడలిగా తెచ్చుకుంది. పిల్ల గేదెలతో మాట్లాడేది, పొయ్యితో మాట్లాడేది, మొగుడు ముంగి గనక వాడి వంతు కూడా తనే మాట్లాడేది. అచ్చియ్యమ్మకి ఆ వాగుడంటే ప్రాణం. పైకి మాత్రం, నోరా అది తిరగలా, అనేది.

ఆ ఊరికొక ఆచారం. కొత్త కోడలు పాలు తోడుపెట్టాలి. పెరుగు గడ్డగా తోడుకుంటే అత్త కవ్వం చేతికిస్తుంది, అప్పట్నుంచి ఆ ఇంటి మనిషి. తోడుకోకపోతే పుట్టింటికి పంపేస్తారు, చెయ్యి బాగుపడ్డాక రమ్మని. ఇంకోటి. కవ్వం అందేదాకా కోడలి ముంత పొయ్యి పక్కన పెట్టకూడదు. అది అత్త చోటు. కోడలిది పెరటి గుమ్మం దగ్గర. ఇది మనసులో పెట్టుకోండి, తర్వాత అడుగుతాను.

ముత్యాలు తోడుపెట్టింది. తెల్లారి మూత తీస్తే నీళ్ళు. పాలు మంచివే, తోడు మంచిదే, ముంత మంచిదే, మరి పెరుగేదీ? మర్నాడు మళ్ళీ పెట్టింది. పాలు మంచివే, తోడు మంచిదే, ముంత మంచిదే, మరి పెరుగేదీ? ఆ మర్నాడూ అంతే. పక్కనే, పొయ్యి దగ్గర, అత్త పెట్టిన పెరుగు గరిటె దిగనంత గట్టిగా ఉంది.

ఊరివాళ్ళు దయ్యాలు దింపే దానయ్యని తీసుకొచ్చారు. ఆయన ముత్యాలు చెయ్యి పట్టుకుని చూశాడు, వాసన చూశాడు, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. అరచేతిలో దయ్యం కూర్చుందన్నాడు. చిన్నదే, ఉసిరికాయంత. ఈ పిల్ల కాలు పెట్టినప్పట్నుంచి ఊరందరి పెరుగూ చెడుతోందన్నాడు.

"ఊరందరిదీ అని నీకెలా తెలుసు మావా?" అంది ముత్యాలు.

"నా గుమ్మంలోకి వచ్చినవాళ్ళందర్నీ అడిగాను. ఒక్కరూ బాగుందనలేదు."

"పెరుగు బాగున్నవాళ్ళు నీ గుమ్మంలోకెందుకొస్తారు మావా, ఇంట్లో కూర్చుని తింటారు గానీ."

అని, గంగరాజు చేతికి ఒక గవ్వ ఇచ్చింది. వీధి వీధికీ వెళ్ళు, ప్రతి గుమ్మం ముందూ గవ్వ వెయ్యి, వెల్లకిలా పడిన ఇంట్లో అడుగు, బోర్లా పడితే దాటిపో, మన చుట్టాల ఇళ్ళు ఏరుకోకు, దానయ్య మావ చుట్టాల ఇళ్ళూ ఏరుకోకు, అంది. గంగరాజు తిరిగి తిరిగి వచ్చాడు. బాగున్న ఇళ్ళే ఎక్కువ, చెడినవి అక్కడక్కడ. ఒకావిడైతే కూర్చోబెట్టి పెరుగన్నం పెట్టింది కూడానట, మూతి చూస్తేనే తెలుస్తోంది.

దానయ్య గొంతు సవరించుకున్నాడు. ఊరి సంగతి సరే, ఈ ఇంటి ముంతలో పెరుగేదీ అన్నాడు. మూత తీస్తే నీళ్ళే. పెద్దలు పిల్లని పంపెయ్యమన్నారు.

అచ్చియ్యమ్మకి ఆ పూట అన్నం దిగలేదు. ఎందుకో చెప్పనా? తను కోడలిగా వచ్చిన శీతాకాలం తన పెరుగూ తోడుకోలేదు. తన అరచేతిలోనూ దయ్యమన్నారు. పుట్టింట్లో గోడవైపు తిరిగి పడుకుని చలికాలమంతా గడిపింది. ఎండలు ముదిరాక వస్తే చెయ్యి బాగుపడిందన్నారు. అప్పట్నుంచి ఎవరింటికన్నా పసిబిడ్డని చూడ్డానికి వెళితే కుడిచేత్తో ముట్టుకునేది కాదు. మిగిలిన దయ్యమేమైనా ఉందేమోనని. ఈ మాట మొగుడికి కూడా చెప్పలేదు.

ఊ అనండి. నిద్రపోయారా? సరే.

పొద్దున్నే ముత్యాలు అత్త దగ్గర కూర్చుంది. పోతాను గానీ అత్తా, ముందు దయ్యం నా చేతిలో ఉందో లేదో చూసి పోతాను, అంది. నువ్వొక ముంత పెట్టు, నేనొకటి పెడతాను, చూద్దాం, అంది అత్త. ఒక్క ముంత మాట నమ్మలేమత్తా, దానికి ఏ పిల్లో మూత తీసుండొచ్చు, ఏ చిల్లో ఉండొచ్చు, అంది కోడలు. చాలా ముంతలు పెడదాం అంది.

పాలన్నీ ఒకే గుండిగలో పోసి కలిపారు, ఈ గేదె పాలూ ఆ గేదె పాలూ అని తేడా లేకుండా. తోడు కూడా ఒకటే. ముంతలు జంటలు జంటలుగా పెట్టారు. పొయ్యి పక్కన కొన్ని జంటలు, గోడ గూట్లో కొన్ని, పెరటి గుమ్మం దగ్గర కొన్ని. ఏ జంటలో చూసినా ఒకటి అత్తది, ఒకటి కోడలిది.

"ఆచారం కాదే పిల్లా," అంది అచ్చియ్యమ్మ, పొయ్యి వైపు చూస్తూ.

"ఒక్క రాత్రికి అత్తా. పొయ్యి ఏమీ అనుకోదు."

అచ్చియ్యమ్మ చుట్టూ చూసింది. ఎవరూ లేరు. పొయ్యికి మరీ దగ్గరగా ఉన్న ముంతలన్నీ నువ్వు తీసుకోవే, నేను దూరంవి తీసుకుంటాను, ఎవరికి తెలుస్తుంది, అంది చిన్నగా. ముత్యాలు అత్త చెయ్యి పట్టుకుంది. కుడిచెయ్యి. "అలా గెలిస్తే దయ్యం పోయినట్టు కాదత్తా, దాక్కున్నట్టు. నువ్వు నాకోసం ఏరినా తప్పే, నామీద కోపంతో ఏరినా తప్పే. గవ్వే ఏరుతుంది."

గంగరాజు జంట జంటకీ గవ్వ వేశాడు. వెల్లకిలా పడితే ఎడం ముంత అమ్మది, బోర్లా పడితే పెళ్ళానిది. అమ్మ ముంత అడుగున పసుపు బొట్టు, ముత్యాలు ముంత అడుగున సున్నం బొట్టు. పైకి చూస్తే అన్నీ ఒకటే. అత్తా కోడళ్ళు తోడు వేశారు, మూతలు పెట్టారు, పడుకున్నారు.

తెల్లారి దానయ్యనే చూడమన్నారు. ఆయన చేతికందిన ముంతలు చూసి, ఇక చాలన్నాడు. మూలనున్నవి కూడా చూడు మావా, వంగితే నడుం విరగదు, అంది ముత్యాలు. ఏ చోటువి ఆ చోటే ఉంచి, గట్టిగా ఉన్నవి ఒక పక్కకి, నీళ్ళుగా ఉన్నవి ఇంకో పక్కకి పెట్టించింది. అప్పుడు గంగరాజు ఒక్కొక్కటే ఎత్తి అడుగు చూపించాడు.

పొయ్యి పక్కవి అత్తవీ గట్టిగానే ఉన్నాయి, కోడలివీ గట్టిగానే ఉన్నాయి. గూట్లోవి ఇద్దరివీ అంతంతమాత్రం. గుమ్మం దగ్గరవి ఇద్దరివీ నీళ్ళే. ఒక్కటి మాత్రం పొయ్యి పక్కదే, తోడుకోలేదు. ఎత్తి చూస్తే పసుపు బొట్టు. అత్తది. ఎందుకంటే ఏమో, ముంతలకీ మనసులుంటాయి. ఆ ఒక్క ముంతే పెట్టుంటే ఏమనేవాళ్ళు? అత్త చేతిలో దయ్యమనేవాళ్ళు.

ఇప్పుడు చెప్పండి, దయ్యం ఎక్కడుంది? ఆ, గుమ్మంలో. చలిగాలి.

దానయ్య తక్కువవాడు కాదు. నేనే తరిమాను, చెయ్యి వదిలి గుమ్మంలోకి పోయింది, అన్నాడు. పోనీలే అని ముత్యాలు ఆయనకి పొయ్యి పక్క ముంతలోది ఒక గిన్నెడు పెట్టింది.

అచ్చియ్యమ్మ గుమ్మం దగ్గర ముంతలో వేలు పెట్టి చూసింది. చల్లగా ఉంది. అదే గుమ్మం. తను కోడలిగా ముంత పెట్టిన చోటూ అదే. తన అరచెయ్యి తిప్పి చూసుకుంది. వట్టి చెయ్యి. గీతలు, కాయలు, అంతే.

లేచి కవ్వం తెచ్చి ముత్యాలు చేతిలో పెట్టింది. పెరటి తలుపుకి గోనెపట్టా కట్టించింది. ఆ ఊళ్ళో కొత్త కోడళ్ళ ముంతలు పొయ్యి పక్కకి వచ్చాయి. పాలు మంచివే, తోడు మంచిదే, చెయ్యి మంచిదే, ఇదిగో పెరుగు. ఏడాది తిరక్కుండా ముత్యాలుకి బిడ్డ పుడితే, అచ్చియ్యమ్మ ముందుగా కుడిచెయ్యే చాపింది.

మీ చెయ్యి మంచిది కాదని ఎవరైనా అంటే ఏడవకండి. ఎన్ని ముంతలు చూశావు, ఎక్కడ పెట్టి చూశావు, ఎవరు ఏరారు, అని అడగండి.

కథ కంచి బండెక్కి వెళ్ళిపోయింది. మనం ఎటూ ఇంట్లోనే ఉన్నాం. ఆ తలుపు కాస్త దగ్గరగా వేసి పడుకోండి, చలి.